టెస్ట్ డాక్యుమెంటు గారికి ఒక దండం

మహారాజశ్రీ ఐటూసీ డ్రైవర్ టెస్ట్ డాక్యుమెంటు గారి సముఖమునకు,

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి కూతవేటు దూరంలోని ల్యాబు బెంచీ నుంచి నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాం. బోర్డు మీది సెన్సారు మాత్రం క్షేమంగా లేదు. ఐటూసీ అంటే డేటా మోసే ఎస్‌డీఏ, క్లాకు మోసే ఎస్‌సీఎల్ అన్న రెండు తీగల మీద కంట్రోలరు, చిప్‌లు మాట్లాడుకునే బస్; దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాముని ఎలా పరీక్షించాలో చెప్పాల్సిన కాగితం తమరే కదా.

"ఎస్‌డీఏ లైను కిందికి లాగి రికవరీ సరిచూడుము" అని సెలవిచ్చారు. అంటే లైనుని 0 దగ్గర బిగబట్టి, ఇరుక్కున్న బస్‌ని డ్రైవరు క్లాకులు కొట్టి విడిపిస్తుందో లేదో చూడమని. దేనితో లాగాలండీ, పట్టకారుతోనా? లినక్స్ కెర్నల్‌లో జీపీఐఓ పిన్నులతో (సాఫ్ట్‌వేర్‌తో ఆడించగల పిన్నులు) బస్ మీద కావాలని తప్పులు పుట్టించే ఫాల్ట్ ఇంజెక్టర్ ఉందని, కాన్ఫిగ్‌లో దాన్ని ఆన్ చేసి బిల్డ్ చేస్తే గానీ డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ డీబగ్ ఫైళ్లుండే చోటు) దాన్ని నడిపే ఫైళ్లు కనపడవని, పరీక్షకు పెట్టిన కంట్రోలరు ఎస్‌సీఎల్, ఎస్‌డీఏలకు విడిగా రెండు జీపీఐఓ పిన్నులు కలపాలని పాఠకుడికి కలలో తెలుస్తుంది కాబోలు.

సరే, ఎస్‌డీఏ ఫైల్లో 0 రాశాం. డ్రైవరు రికవరీకి ప్రయత్నించి ఓడిపోయింది. ఓడిపోవాలి కూడా! తిరిగి 1 రాసేదాకా లైను మన చేతిలోనే ఉంటుంది కదా. తమరేమో "ఆశించిన ఫలితం: సఫలం" అన్నారు. బాగున్న డ్రైవరుకి ఫెయిల్ మార్కు.

ఆర్బిట్రేషన్ (ఒకే బస్ కోసం ఇద్దరు కంట్రోలర్ల పోటీ) పరీక్షకి "విలువ 100" అట. మైక్రోసెకండ్లని రాయడానికి సిరా అయిపోయిందా? ఇంజెక్టరు ఎస్‌సీఎల్ పిన్నుకి ఇంటరప్ట్ (లైను మారగానే కబురు) ఉండాలన్న ముక్క కూడా లేదు. పోనీండి.

అసలు కడుపుమంట వేరే ఉంది. బైటు రాత మధ్యలో ఆపే ఇంజెక్టరు దగ్గర "పై విధముగానే" అని వదిలేశారు. పై విధంగా ఎలాగవుతుందండీ? అది చిప్ అడ్రెస్ పంపి, తర్వాత సున్నా బైటు పంపి, దాని అక్‌నాలెడ్జ్ (చిప్ ఎస్‌డీఏని కిందికి లాగి "అందింది" అనే ఘడియ) దగ్గర ఆగుతుంది. చిప్ అప్పటికి సున్నా నంబరు రిజిస్టరు (చిప్ విలువలు దాచుకునే అర) తెరిచి కలం పట్టుకుని ఉంటుంది. రికవరీ కోడు ఎస్‌డీఏ వంక చూడకుండా, మధ్యలో స్టాప్ పంపకుండా 9 క్లాకులు కొట్టిందా, చెత్త బైటు నేరుగా అందులో పడుతుంది. బస్ వదిలింది, టెస్ట్ పాస్, లాగ్‌లో ఒక్క ఎర్రరూ లేదు! సెన్సారు సెట్టింగ్ మారిపోయింది. అదే బోర్డుకి కరెంటు సర్దే పవర్ చిప్ అయ్యుంటే?

ఏటి రాసినావు నువ్వు? బుర్రుండే రాసినావేటి? పోయినా ఫర్వాలేని చిప్ బిగించమని రాయాలా వద్దా? రికవరీకి ముందు, తర్వాత ఆ రిజిస్టరు చదివి పోల్చమని రాయాలా వద్దా? ఎస్‌సీఎల్ కింద ఉండిపోతే డ్రైవరు వేలాడకుండా టైమవుట్ ఎర్రరు ఇవ్వాలని రాయడానికి ఎంత చోటు పడతాది? ఏ ఫైల్లో ఏటి రాయాలి, డ్రైవరు ఏటి చెయ్యాలి, బస్ ఎలా వదిలించాలి: ఈ మూడూ పెట్టేదాకా అట్ట మీద "ఆమోదించడమైనది" అన్న ముద్ర పీకి అవతల పారెయ్!