వెళ్లిపోయేవాళ్లను అడక్కండి, ఇళ్లు కట్టనివ్వనివాళ్లను అడగండి

కాలిఫోర్నియా వదిలి వెళ్లేవాళ్ల మాట వస్తే అందరి నోటా వినపడేవి పెద్ద పేర్లే. టొయోటా అమెరికా హెడ్డాఫీసు టోరెన్స్ నుంచి టెక్సస్‌లోని ప్లేనోకి వెళ్లింది, 2020 చివర్లో ఒరాకిల్ హెడ్డాఫీసును అదే రాష్ట్రంలోని ఆస్టిన్‌కు మార్చేసింది, మరుసటి ఏడాది టెస్లా కూడా అదే దారి పట్టింది. ఇవి విని విని, పన్నుల పోటు భరించలేక డబ్బున్నవాళ్లు పారిపోతున్నారనే కథ చాలామంది నమ్మేశారు. మేము నమ్మడం లేదు. ఏళ్ల తరబడి ఆ రాష్ట్రం వదిలినవాళ్లలో ఎక్కువ భాగం తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం ఉన్న కుటుంబాలే, వాళ్లను బయటికి నెట్టింది అన్నిటికంటే ముందు ఇంటి ఖర్చు.

ఎంతమంది వెళ్తున్నారో చూడండి. 2020 ఏప్రిల్ నుంచి 2022 జులై మధ్య కాలిఫోర్నియా జనాభా 5 లక్షలకు పైగా తగ్గింది. 2020 జనాభా లెక్కల తర్వాత అమెరికా కాంగ్రెస్ దిగువ సభలో ఆ రాష్ట్రానికి ఒక సీటు పోయింది, 53 కాస్తా 52 అయ్యాయి, ఆ రాష్ట్ర చరిత్రలో ఇలా జరగడం అదే మొదటిసారి. టెక్సస్‌కు రెండు సీట్లు పెరిగాయి. ఆ తర్వాత జనాభా మళ్లీ కొంచెం కోలుకుంది గానీ, అది పుట్టుకల వల్ల, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ల వల్ల. మిగతా రాష్ట్రాలతో రాకపోకల లెక్క మాత్రం ఇంకా నష్టంలోనే ఉంది. 2024 జులైతో ముగిసిన ఏడాదిలో వచ్చినవాళ్ల కంటే వెళ్లినవాళ్లు దాదాపు 2 లక్షల 40 వేల మంది ఎక్కువ.

ఇక ఇంటి లెక్క. 2024 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఇళ్ల మధ్యస్థ ధర, అంటే సగం ఇళ్లు అంతకు తక్కువకు, సగం అంతకు ఎక్కువకు అమ్ముడయ్యే ధర, మొదటిసారి 9 లక్షల డాలర్లు దాటింది. ఐదో వంతు, అంటే 1 లక్షా 80 వేలు చేతి నుంచి పెట్టుకుని మిగతా 7 లక్షల 20 వేలు 7 శాతం వడ్డీకి ముప్పై ఏళ్ల లోన్ తీసుకుంటే నెలకు కట్టాల్సింది దాదాపు 4,800 డాలర్లు. దానికి ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే ఇంకో వెయ్యికి కాస్త అటూ ఇటూ. సంపాదనలో 30 శాతం దాటి ఇంటికి పెట్టకూడదన్న లెక్క అమెరికా ప్రభుత్వమే పెట్టుకుంది, 1981కి ముందు అది 25 శాతమే. ఆ 30 శాతం పాటించాలంటే ఇంట్లోకి ఏడాదికి 2 లక్షల డాలర్లకు పైగా రావాలి. ఎంతమంది టీచర్లకు వస్తుంది అంత? అదే లోను 2021 జనవరిలో, వడ్డీ 2.65 శాతం ఉన్నప్పుడు తీసుకున్నవాళ్లకు నెలకు 2,900 డాలర్లు. వాళ్లు ఇప్పుడు ఇల్లు అమ్మరు, అమ్మితే ఆ వడ్డీ మళ్లీ దొరకదు కాబట్టి. మార్కెట్లోకి ఇళ్లు రాకపోవడానికి అదీ ఒక కారణం.

రాష్ట్రం దాటి పోవడం ఒక్క రోజులో తీసుకునే నిర్ణయం కాదు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియాలో ఇది మెట్లు మెట్లుగా జరుగుతుంది. ముందు ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్, పిల్లలు పుట్టాక కొండ దాటి ట్రేసీకో మౌంటెన్ హౌస్‌కో. అక్కడ ఇల్లు దొరుకుతుంది గానీ ఆఫీసు మాత్రం కొండకు ఇవతలే ఉంటుంది. స్టాక్టన్ నుంచి శాన్ హోసేకు నడిచే ఏస్ రైలు తెల్లవారుజామున నాలుగు దాటగానే బయల్దేరుతుంది, చేరడానికి రెండు గంటల పైనే. ఆ రైల్లో నిద్రపోతూ వెళ్లే మనిషి పిల్లల్ని మెలకువగా చూసేది శనాదివారాల్లోనే. ఇలా నాలుగైదేళ్లు గడిచాక డాలస్ నుంచి ఎవరో స్నేహితుడు ఫోన్ చేసి "మా ఇంటి నుంచి ఆఫీసుకు ఇరవై నిమిషాలే" అంటాడు. సామాను సర్దుకోవడం ఆ రోజే మనసులో మొదలవుతుంది.

మరి ఇళ్లు ఎందుకు లేవు? స్థలం లేక కాదు. 1916లో బర్క్లీ నగరం ఒక పేటలో ఒక స్థలానికి ఒకే కుటుంబం ఉండే ఇల్లు తప్ప మరేదీ కట్టకూడదని నిబంధన తెచ్చింది. దేశంలో అలాంటి మొదటి నిబంధనల్లో అదొకటి, దాని వెనక నల్లజాతివాళ్లనీ ఆసియావాళ్లనీ దూరంగా ఉంచాలన్న ఉద్దేశం కూడా ఉంది, 2021లో దాన్ని ఎత్తేయాలని తీర్మానించినప్పుడు ఆ నగరమే ఈ సంగతి ఒప్పుకుంది. ఈలోగా వందేళ్లలో ఆ పద్ధతి రాష్ట్రమంతా పాకింది. లాస్ ఏంజెలెస్‌లో నివాస స్థలాల్లో నాలుగింట మూడొంతుల్లో దశాబ్దాల పాటు అపార్ట్‌మెంట్ కట్టడానికి వీల్లేకుండా పోయింది.

కట్టుకోవచ్చని చట్టం ఒప్పుకున్న చోట పక్కింటివాళ్లు ఒప్పుకోరు. 1970లో వచ్చిన పర్యావరణ చట్టం, సీక్వా అంటారు, మంచి ఉద్దేశంతో వచ్చిందే. దాన్ని ఇళ్లు ఆపడానికి ఎంత దూరం లాగారంటే, బర్క్లీలో యూనివర్సిటీ విద్యార్థులకు హాస్టల్ కట్టబోతే, విద్యార్థులు చేసే గోలను కూడా పర్యావరణ నష్టం కింద లెక్కించాలని 2023లో అప్పీలు కోర్టు చెప్పింది. మనుషులు మాట్లాడుకునే చప్పుడు కాలుష్యమట! దాన్ని సరిదిద్దడానికి అదే ఏడాది చట్టసభ ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది, 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేదాకా హాస్టల్ కదల్లేదు.

అన్నిటికన్నా లోతైనది ప్రాపొజిషన్ 13, ఓటర్లే నేరుగా ఓటేసి తెచ్చుకున్న ప్రాపర్టీ ట్యాక్స్ నిబంధన. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చిన కుటుంబాల్లో చాలామందికి తమ జేబుకు చిల్లు ఎక్కడ పడుతోందో తెలియదు. 1970ల్లో ఇళ్ల ధరలు విపరీతంగా పెరిగాయి, వాటితో పాటు ప్రాపర్టీ ట్యాక్స్ కూడా పెరిగి, పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు సొంత ఇంట్లో ఉండలేని పరిస్థితి వచ్చింది. ఆ బాధ నిజం. 1978 జూన్‌లో హోవర్డ్ జార్విస్ నడిపిన పన్నుల వ్యతిరేక ఉద్యమం తెచ్చిన ఈ ప్రతిపాదనకు దాదాపు 65 శాతం మంది ఓటేశారు. అప్పటి నుంచి మూల పన్ను ఇంటి విలువలో 1 శాతం మించదు, ఆ విలువ కూడా ఇల్లు చేతులు మారేదాకా ఏటా 2 శాతం కంటే పెరగదు. 1976లో 60 వేల డాలర్లకు కొన్న ఇల్లు అనుకుందాం. ఈ లెక్కన ఇవాళ దాని విలువ పన్నుల రికార్డుల్లో 1 లక్షా 60 వేలు మించదు, ఏటా పన్ను 1,600 లోపే. పక్కనే, అదే గోడ, అదే పెరడు ఉన్న ఇంటిని నిన్న 15 లక్షలు పెట్టి కొన్న కుటుంబం కట్టేది 15 వేలు, స్థానిక బాండ్ల, అంటే ఊరు చేసిన అప్పుల, వాటా అదనం. ఇద్దరి పిల్లలూ ఒకే బడికి వెళ్తారు, ఇద్దరి వీధినీ ఒకే చీపురు ఊడుస్తుంది. తేడా ఒక్కటే, ఒకరు ముందు వచ్చారు, ఇంకొకరు తర్వాత వచ్చారు.

పన్నులో తేడా ఒక్కటే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. పెద్దవాళ్లు పిల్లలు వెళ్లిపోయాక కూడా నాలుగు గదుల ఇల్లు వదలరు, వదిలితే చిన్న ఇంటికి ఎక్కువ పన్ను కట్టాల్సి వస్తుందని. 2020లో వచ్చిన ప్రాప్ 19 యాభై అయిదేళ్లు దాటినవాళ్లకు పాత పన్ను లెక్కను వెంట తీసుకెళ్లే వీలు పెంచింది, కొంత మేలే. నగరాల సంగతి ఇంకా ఘోరం. ఇళ్ల మీద వచ్చే పన్ను గిడసబారిపోయింది కాబట్టి, ఖాళీ స్థలం కనిపిస్తే మునిసిపాలిటీకి అమ్మకపు పన్ను తెచ్చే షాపింగ్ సెంటరే ముద్దు. ఇళ్లు కడితే బడులు, నీళ్లు, రోడ్లు ఇవ్వాలి కదా.

ఇప్పుడు పన్నుల కథకు వద్దాం. కాలిఫోర్నియా ఆదాయపు పన్ను 13.3 శాతం అని భయపెడతారు, అది ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిన సంపాదన మీద వేసేది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, 2019లో ఓటు వేసి రాజ్యాంగంలోనే దాన్ని నిషేధించుకున్నారు కూడా. కానీ బడులు నడవాలిగా. ఆ భారం ప్రాపర్టీ ట్యాక్స్ మీద పడుతుంది, డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల అది ఇంటి విలువలో 2 శాతం దాకా ఉంటుంది, సొంతంగా నివసించే ఇంటికైనా పన్ను లెక్క ఏటా 10 శాతం వరకు పెరగొచ్చు. తక్కువ సంపాదించే కుటుంబం తన ఆదాయంలో ఎక్కువ వాటా పన్నులకు పోగొట్టుకునేది టెక్సస్‌లోనే. అయినా జనం అటే వెళ్తున్నారు. ఇల్లు దొరుకుతోంది కాబట్టి.

వెళ్లాలనుకుంటున్న మన కుటుంబాలకు ఒక మాట. అద్దె తేడా ఒక్కటే చూసి కదలొద్దు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉంటే, పని చేసే చోటు ఆ మెట్రో ప్రాంతం దాటితే కంపెనీ ముందుగా సవరించిన పిటిషన్ వేయాలి. గ్రీన్‌కార్డు పెర్మ్ దశలో, అంటే కంపెనీ కార్మిక శాఖ ఆమోదం కోసం చూసే మొదటి దశలో, ఉంటే మళ్లీ మొదటికి రావచ్చు, ఆ తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం అయిపోయి ఉంటే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ చోటు, మాత్రం నిలుస్తుంది. చాలా కంపెనీలు ఊరు మారితే జీతం కోస్తాయి, ఎంత కోస్తారో కాగితం మీద రాయించుకున్నాకే ఇల్లు వెతకండి. పిల్ల పదో తరగతిలో ఉంటే ఇంకోసారి ఆలోచించండి, రాష్ట్రం వదిలితే యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాలేజీల్లో ఏటా 30 వేల డాలర్లకు పైగా అదనంగా కట్టాలి. ఉన్న ఇల్లు అమ్మేసి వెళ్తే, తిరిగి రావాలనుకున్న రోజు ఆ ధరకు, ఆ పన్నుకు ఏదీ దొరకదు. ఈ టెన్షన్ అంతా లెక్కేసుకుని కూడా వెళ్లడమే మేలని తేలితే వెళ్లండి. ఓడిపోయామని, నెగ్గుకురాలేకపోయామని బాధపడకండి. ఆ మాట అనేవాళ్లు ఏ సంవత్సరంలో ఇల్లు కొన్నారో అడగండి చాలు.

ఉండిపోయేవాళ్లకూ దెబ్బే. కాలిఫోర్నియా ప్రభుత్వ బడుల్లో రెండు దశాబ్దాల కిందట 63 లక్షల మంది పిల్లలుండేవారు, 2024-25లో 58 లక్షలు. అక్కడ బడికి డబ్బు హాజరును బట్టి వస్తుంది, పిల్లలు తగ్గితే టీచర్లు తగ్గుతారు. ఉన్న టీచర్లకు ఉండటానికి చోటు లేక డేలీ సిటీలో ఒక హైస్కూల్ డిస్ట్రిక్ట్ 2022లో తానే 122 ఇళ్లు కట్టి ఉద్యోగులకు అద్దెకిచ్చింది. ఆ పని చేసినవాళ్లను మెచ్చుకోవాలి, కానీ బడి నడిపేవాళ్లు ఇళ్లు కట్టాల్సి రావడం ఏమిటి?

కడితే ఏమవుతుందో ఆస్టిన్ చూపించింది. కరోనా రోజుల్లో కాలిఫోర్నియా జనం వెళ్లి పడటంతో అక్కడా ధరలు కొండెక్కాయి, 2022లో ఆ మెట్రో ప్రాంతంలో ఇళ్ల మధ్యస్థ ధర 5 లక్షల 50 వేల డాలర్లకు చేరింది, అక్కడి పాత కాపురస్తులు తిట్టుకున్నారు కూడా. ఆ నగరం వేల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కట్టనిచ్చింది, 2023లో పార్కింగ్ కచ్చితంగా ఉండాలన్న నిబంధన ఎత్తేసి, ఒక స్థలంలో మూడు ఇళ్లు కట్టుకోవచ్చంది. అద్దెలు దిగాయి. 3.9 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియా ఏటా లక్ష పైచిలుకు ఇళ్లకు అనుమతి ఇస్తుంటే, 3 కోట్లకు పైగా ఉన్న టెక్సస్ 2 లక్షలకు పైగా ఇస్తోంది. గవర్నర్ పదవికి పోటీ చేస్తూ 2017లో గావిన్ న్యూసమ్ 2025 కల్లా 35 లక్షల ఇళ్లన్నారు. ఆ తర్వాత రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యం 2030కి 25 లక్షలు. ఈ వేగంతో అదీ అందదు.

అక్కడా కొంత కదలిక వచ్చింది. 2025లో నగరాల లోపల కట్టే ఇళ్లను సీక్వా నుంచి చాలావరకు తప్పించారు. అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ సంతకం చేసిన ఎస్‌బీ 79 అనే చట్టం ప్రకారం పెద్ద రైలు, బస్సు స్టేషన్ల దగ్గర అంతస్తుల ఇళ్లు కట్టుకోవచ్చు, అమలు తేదీ 2026 జులై 1. దీన్ని తమ ఊళ్లో ఎలా తప్పించుకోవాలా అని చూసే సిటీ కౌన్సిళ్లు ఉంటాయి. ఆ మీటింగులకు వచ్చి వద్దు వద్దు అనేది ఎక్కువగా సొంత ఇళ్లున్నవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు. వెళ్లిపోయిన కుటుంబం అక్కడ కనిపించదు, ట్రేసీ రైలు ఎక్కిన మనిషి ఆ టైముకు ఇంకా ఇల్లే చేరి ఉండడు. అందుకే అద్దె ఇళ్లలో ఉంటూ ఇంకో రెండేళ్లు చూద్దాం అనుకుంటున్న మన వాళ్లు వెళ్లాలి. ఓటు లేదని ఆగొద్దు. స్థానిక సభలు జనం ముందే జరగాలనే 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం కౌన్సిల్ మీటింగులో ఎవరైనా మాట్లాడొచ్చు, పౌరసత్వం అడగరు, పేరు చెప్పమని కూడా బలవంతం చేయలేరు. ఇచ్చేది రెండు మూడు నిమిషాలే, మీ అద్దె ఎంతో, మీ పిల్లల బడి ఎక్కడో, ఎందుకు సామాను సర్దుకోవాలనిపిస్తోందో చెప్పడానికి అది సరిపోతుంది.