స్టింగ్లీ గురించి నేను చేసిన తప్పు

ఏప్రిల్ వస్తే చాలు, హ్యూస్టన్‌లో మా బ్యాచ్‌కి రెండు జ్వరాలు పట్టుకుంటాయి. ఒకటి ఐపీఎల్, రెండోది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే తంతు. మొన్న వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఎవరో కాలేజీ కార్నర్‌బ్యాక్ (బంతి అందుకునే రిసీవర్‌కి కాపలా కాసేవాడు) గురించి "నిలకడ లేదండీ, ఒక ఏడాది మెరుపు, మరుసటి ఏడాది తుస్సు, ఇలాంటోళ్ళు ప్రొఫెషనల్‌కి పనికిరారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. చదవగానే ఒళ్ళు మండింది. ఎందుకంటే 2022లో డెరెక్ స్టింగ్లీ జూనియర్ గురించి సరిగ్గా ఇవే మాటలు నేనన్నాను.

ఆ రోజు డ్రాఫ్ట్‌లో మా హ్యూస్టన్ జట్టు టెక్సన్స్‌ది మూడో పిక్, అంటే ఎంచుకునే మూడో వంతు. అంతకుముందు సీజన్లో 17 ఆటలకు గెలిచింది నాలుగే. అవతల సిన్సినాటి యూనివర్సిటీ కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్ ఉన్నాడు. తను కాపలా కాసిన రిసీవర్‌కి కాలేజీ మొత్తంలో ఒక్క టచ్‌డౌన్ (గోల్ లాంటి స్కోరు) కూడా ఇవ్వలేదని పేరు. అతన్ని వదిలేసి మనవాళ్ళు లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) నుంచి స్టింగ్లీని తీసుకున్నారు. ఆ తర్వాతి పిక్‌లోనే గార్డ్‌నర్‌ని న్యూయార్క్ జట్టు జెట్స్ ఎగరేసుకుపోయింది. నేను రిమోట్ సోఫాలోకి విసిరేశాను. పక్కనున్న మా బావ న్యూజెర్సీ నుంచి వచ్చిన జెట్స్ అభిమాని. ఇంకేముంది, ఆ రాత్రంతా నవ్వుతూనే ఉన్నాడు.

నా వాదనకి ఆధారం ఏంటంటే అంకెలు. స్టింగ్లీ కాలేజీలో మూడేళ్ళు ఆడి మొత్తం ఆరు ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు విసిరిన బంతిని మధ్యలో లాక్కోవడం) చేశాడు. ఆ ఆరూ మొదటి ఏడాదివే! 2019లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆల్ అమెరికన్ (దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్ళ జట్టు)కి ఎంపికయ్యాడు, ఎస్‌ఈసీ అనే కాలేజీ లీగ్ ఫైనల్లో జార్జియా మీద రెండు బంతులు లాక్కున్నాడు, జట్టు 15కి 15 గెలిచి ఛాంపియన్ అయింది. 2020లో ఏడు ఆటలు, సున్నా ఇంటర్‌సెప్షన్లు. 2021లో మూడే ఆటలు, ఆపైన పాదానికి ఆపరేషన్. కాగితం మీద చూస్తే మూడు నాళ్ళ ముచ్చటే కదా?

అదే నేను చేసిన తప్పు. కార్నర్‌బ్యాక్ పని వికెట్ కీపర్ పనిలాంటిది, ఇంకా అన్యాయం. రిసీవర్‌కి తను ఎటు పరిగెత్తబోతున్నాడో ముందే తెలుసు. వీడు మాత్రం వెనక్కి పరిగెడుతూ, అవతలోడి నడుము చూసి ఊహించాలి. నలభై సార్లు సరిగ్గా కాపలా కాస్తే కెమెరా అటు తిరగదు, ఒక్కసారి జారితే స్లో మోషన్లో పదిసార్లు వేస్తారు. పైగా నిజంగా బాగా ఆడేవాడి వైపు క్వార్టర్‌బ్యాక్ (అవతలి జట్టులో బంతి విసిరేవాడు) బంతే విసరడు. విసరని బంతిని ఎవడు పడతాడు? ఇంటర్‌సెప్షన్లు తగ్గాయంటే ఆట పడిపోయినట్టూ కావచ్చు, అవతలోళ్ళు భయపడినట్టూ కావచ్చు. అంకె ఒక్కటే, అర్థాలు రెండు.

అలాగని 2020లో అతను గొప్పగా ఆడాడని చెప్పను. అలబామా ఆటలో వాళ్ళ రిసీవర్ డెవాంటా స్మిత్ ఇతని మీదుగా ఎగిరి ఒంటి చేత్తో పట్టిన టచ్‌డౌన్ ఇప్పటికీ కళ్ళముందు ఉంది. బంతి పట్టినవాణ్ణి పడగొట్టే ట్యాక్లింగ్‌లో కొన్నిసార్లు మొక్కుబడిగా చేసినట్టు కనిపించింది, అది నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఆ జట్టు పరిస్థితి చూడండి. క్వార్టర్‌బ్యాక్ జో బరో వెళ్ళిపోయాడు, రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ వెళ్ళిపోయాడు, ఒకే డ్రాఫ్ట్‌లో 14 మంది పోయారు. డిఫెన్స్ నడిపిన డేవ్ అరాండా బేలర్ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా పోయాడు. మొదటి ఆటకి స్టింగ్లీ ఒంట్లో బాగోక దిగలేదు, మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ ఏకంగా 623 గజాలు విసిరాడు. చివరికి ఐదు గెలుపులు, ఐదు ఓటములు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, కొంపంతా కూలితే మనం కార్నర్‌లో నిలబడ్డ కుర్రాణ్ణి తిట్టాం.

ఇంకో మాట కూడా అన్నాం, దానికి సిగ్గుపడుతున్నాను. 2021లో ఆడకపోవడం గాయం వల్ల కాదట, డ్రాఫ్ట్ కోసం ఒళ్ళు దాచుకున్నాడట. ఇతని తాత డారిల్ స్టింగ్లీ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు పేట్రియాట్స్‌లో రిసీవర్. 1978లో లెక్కలోకి రాని ప్రీసీజన్ ఆటలో తగిలిన దెబ్బకి మెడ విరిగి, 2007లో పోయేదాకా వీల్‌చెయిర్‌లోనే ఉన్నాడు. ఆ ఇంటి పిల్లాడు పాదం సరిగ్గా లేదని ఆగితే, సోఫాలో చిప్స్ తింటూ మనం పిరికివాడన్నాం.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతని మొదటి ఏడాది నా నోటికి ఇంకాస్త మేత దొరికింది. తొడ కండరం పట్టేసి తొమ్మిది ఆటలే ఆడాడు. అటు గార్డ్‌నర్ ఆ ఏడాది ఉత్తమ డిఫెన్స్ కొత్త ఆటగాడు, ఆల్ ప్రో (లీగ్ మొత్తంలో ఉత్తమ ఆటగాళ్ళ జట్టు). బావ ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు ఆ సంగతే, తర్వాతే పిల్లల క్షేమసమాచారం. 2023లో డెమెకో రయన్స్ కోచ్‌గా వచ్చాక 11 ఆటల్లో ఐదు ఇంటర్‌సెప్షన్లు. 2024లో మళ్ళీ ఐదు, ఈసారి ఆల్ ప్రో మొదటి జట్టు. 2025 జనవరిలో ప్లేఆఫ్స్, మన స్టేడియంలోనే, ఛార్జర్స్ మీద. సీజనంతా మూడంటే మూడే ఇంటర్‌సెప్షన్లు ఇచ్చిన వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ హర్బర్ట్ ఆ ఒక్క మధ్యాహ్నం నాలుగు ఇచ్చాడు. అందులో రెండు స్టింగ్లీవే. ఆ తర్వాత రెండు నెలలకే స్టింగ్లీకి మూడేళ్ళకి గాను 9 కోట్ల డాలర్ల ఒప్పందం, అప్పటికి ఏ కార్నర్‌బ్యాక్‌కీ ఏడాదికి అంత ఇవ్వలేదు. కొన్ని నెలలకే గార్డ్‌నర్ దాన్ని కొద్దిగా దాటాడులెండి, బావ ఆ రోజు కూడా ఫోన్ చేశాడు.

కాబట్టి గ్రూపులో ఆ పెద్దమనిషికి నేను రాసింది ఇది: ఆ కుర్రాడి రెండో ఏడాది స్కోర్లు పంపకండి, అతని ఆట వీడియో పంపండి. ఎవరి ఎదురుగా నిలబడ్డాడు, పక్కన ఎవరున్నారు, కాలు బాగుందా లేదా చూద్దాం. స్టింగ్లీ రోజూ ప్రాక్టీసులో తన కాలేజీ జట్టు రిసీవర్లు జమార్ చేజ్‌కి, జెఫర్సన్‌కి ఎదురు నిలబడి నేర్చుకున్నవాడు. ఆ నేర్పు గాయంతో పోదు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు. ఆయన ఇంకా రిప్లై ఇవ్వలేదు, బ్లూ టిక్కులు మాత్రం పడ్డాయి.

గార్డ్‌నర్‌ని 2025 నవంబరులో జెట్స్ కోల్ట్స్‌కి ఇచ్చేసింది. కోల్ట్స్ మా డివిజనే, అంటే మా టెక్సన్స్ ఉన్న గ్రూపే. పాపం మా బావ అల్మరాలో ఆ ఆకుపచ్చ జెర్సీ అలాగే వేలాడుతోంది.