పర్మిట్ ఒక్కటే సరిపోదు

అరకు ఘాట్ రోడ్డులో కారు నడిపినవాళ్లకి అమెరికాలో డ్రైవింగ్ ఓ లెక్క కాదని, ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అనంతగిరి మలుపుల్లో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నవాణ్ణి నేను. అయినా కాలిఫోర్నియాలో అద్దె కారు ఎక్కిన మొదటిరోజు ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఆడాయి. వైజాగ్‌లో నా మారుతీకి ఇండికేటర్ స్టీరింగుకి కుడిపక్క ఉంటుంది, ఆ కారుకి ఎడమపక్క. అది చిన్న విషయమే. అక్కడ బండి రోడ్డుకి కుడివైపున నడపాలి కదా, అసలు భయం ఖాళీ రోడ్డుతో. రద్దీలో ముందు బండి వెనకాలే పోతాం కాబట్టి పొరపాటు జరగదు. తెల్లవారుజామున హోటల్ పార్కింగులోంచి బయటికి రాగానే చెయ్యి దానంతటదే ఎడమవైపుకి తిప్పేసింది. పక్కన కూర్చున్న మా ఆవిడ "కుడి, కుడి" అని కేక పెట్టకపోతే ఎదురుగా వస్తున్న లారీ కిందకే వెళ్లేవాళ్లం. ఇప్పటికీ తలుచుకుంటే కాళ్లు వణుకుతాయి. ఇక పర్మిట్ సంగతి. మన ఆర్టీఏ ఇచ్చేది ఏడాదికే చెల్లుతుంది, అది మన లైసెన్సుకి అనువాదం లాంటిది, అసలు లైసెన్సు వెంట లేకపోతే దానికి విలువ లేదు. క్రెడిట్ కార్డు కూడా నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలని కౌంటర్లో అడిగారు. మా అబ్బాయి కార్డు ఇస్తే తీసుకోలేదు. ఇన్సూరెన్సు కాగితంలో టైర్లు, అద్దాలు కవర్ అవుతాయో లేదో సంతకం పెట్టకముందే చదవండి, నా దాంట్లో అవి లేవు.