నాలుగున్నర అంగుళాల గోడ గారికి, ఇంటి ఓనర్ రాసుకున్న లేఖ

గోడ గారికి నమస్కారం.

మీరు మా హాల్ మధ్యలో వెలిసినప్పటి నుంచి మీతో నాలుగు మాటలు మాట్లాడదామనుకుంటూనే ఉన్నాను. కానీ నేను నోరు తెరిస్తే అవతలి పోర్షన్ అబ్బాయి "ఏంటంకుల్, నన్నేనా?" అంటాడు. అందుకే రాస్తున్నా.

మాది హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీలో ఎంఐజీ ఇల్లు, అంటే మధ్యతరగతి వాళ్ళకని కట్టింది. హౌసింగ్ బోర్డు వాళ్ళు ఒక్క కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని గీసిన ప్లాన్ అది. 2017లో మెట్రో నడవడం మొదలయ్యాక వీధిలో గేటుగేటుకీ టు-లెట్ బోర్డు వేలాడింది. పిల్లలేమో ఒకడు బెంగళూరు, ఒకతి డాలస్. "ఇద్దరికి ఇంత ఇల్లెందుకండీ, మధ్యలో ఒక గోడ లేపితే నెల నెలా డబ్బులే కదా" అన్నాడు మేస్త్రి. (ఇంజినీర్ ఎవరని అడక్కండి. మేస్త్రే ఇంజినీర్.) తొమ్మిది అంగుళాల గోడ కడదామంటే అవతల మంచం పట్టదన్నాడు. అలా మీరొచ్చారు, సగం ఇటుక మందంతో.

ప్రకటనలో 'ప్రైవేట్ సింగిల్ రూమ్, అటాచ్డ్ బాత్రూమ్, సెపరేట్ ఎంట్రన్స్' అని రాయించాం. సెపరేట్ ఎంట్రన్స్ అంటే ఏమీ లేదు, పక్క సందులో కిటికీ కింద గోడ పగలగొట్టి తలుపు పెట్టడమే. ఇక అటాచ్డ్ బాత్రూమ్ అంటే ఒకప్పుడు మేం ఊరగాయ జాడీలు పెట్టుకున్న స్టోర్ రూమ్. పైపుకి వాటం రావాలంటే నేల అడుగు ఎత్తు లేపాలన్నారు, లేపాం, ఇప్పుడు అందులోకి వెళ్ళేవాళ్ళు సింహాసనం ఎక్కినట్టు మెట్టెక్కి, పైన లింటెల్‌కి నుదురు కొట్టుకుని, ఆ తర్వాత స్నానం చేస్తారు.

ప్రైవేట్ అన్న ముక్క మాత్రం పూర్తిగా మీ డిపార్ట్‌మెంట్ కదా సార్, మరి ఏం చేశారు? అవతలి అబ్బాయికి రాత్రి పదింటికి అమెరికా వాళ్ళతో మీటింగ్ మొదలవుతుంది. వాళ్ళ టీమ్‌లో ఎవరి పని ఆగిపోయిందో, మేనేజర్ ఎవరిని ఎందుకు చూడలేకపోతున్నాడో ఇప్పుడు నాకు మొత్తం తెలుసు. రిటైరయ్యాక మళ్ళీ ఆఫీసు టెన్షన్, అదీ జీతం లేకుండా. మా వైపు సంగతులు వాడికీ అంతే తెలుసు. మా ఆవిడ ఫోన్‌లో పడితే "ఆంటీ, నాలుగు విజిల్స్ అయ్యాయి" అని అటు నుంచి గుర్తు చేస్తాడు. మొన్న డాలస్ అమ్మాయి పెళ్ళి సంబంధం గురించి మేమిద్దరం గుసగుసగా మాట్లాడుకుంటే పొద్దున్నే సందులో ఆపి, "ఆ అబ్బాయి వీసా సంగతి ఒకసారి కనుక్కోండంకుల్" అన్నాడు. సలహా మంచిదే, కాదనను.

మీ తమ్ముడి గురించి కూడా చెప్పాలి. పై అంతస్తులో, కింద బీమ్ లేని చోట, సరిగ్గా మా మంచానికి పైన శ్లాబ్ మీద నిలబడ్డాడు. పది అడుగుల ఎత్తు గోడంటే అడుగు పొడవుకే రెండు క్వింటాళ్ళు దాటుతుందట, కట్టేశాక మా బావమరిది లెక్క కట్టి చెప్పాడు. అప్పటి నుంచి నేను వెల్లకిలా పడుకోవడం మానేశాను.

ఇక కరెంటు. నాలుగు ఏసీలు, ఒకటే మెయిన్ మీటర్. ఎండాకాలంలో 800 యూనిట్లు దాటితే ఆపైన యూనిట్ 10 రూపాయలు. 200 యూనిట్ల లోపు ఉచితమనే పథకం గురించి టీవీలో చూసి ఆనందించడమే మా వంతు. సబ్ మీటర్లు పెట్టాను, నెలాఖరున టార్చ్ పట్టుకుని రీడింగ్ రాసుకోవడానికి తిరుగుతుంటే వీధి కుక్కలు నన్ను కరెంటు ఆఫీసు మనిషే అనుకుని మొరుగుతున్నాయి.

అద్దె వస్తోంది, అబద్ధమాడను. ఆదాయపు పన్ను లెక్కలో ఆ అద్దె నుంచి 30 శాతం మినహాయింపు కూడా ఉంది, మరమ్మతులకీ వాటికీ అని. చెడిన నిద్రకి మాత్రం ఏ సెక్షనూ పెట్టలేదు. పోర్షన్ వాళ్ళకి 11 నెలల అగ్రిమెంట్ ఉంది, అందులో ఓనర్ వాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని ఒక క్లాజు ఉంది. నన్ను ఇబ్బంది పెట్టకూడదని ఎవరి సంతకమూ లేదు. పార్కింగ్ కూడా వాళ్ళదే. నా స్కూటర్ మా గేటు బయట, పక్కింటి వాళ్ళ దయ మీద ఉంటోంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న మేస్త్రి మళ్ళీ వచ్చాడు. ఇల్లంతా కలయజూసి, పూజ గది మధ్యలో సుద్దతో గీత గీశాడు. మీ రెండో తమ్ముడట. ఒక సింక్, ఒక స్టవ్ బండ వేస్తే ఇంకో పోర్షన్ అయిపోతుందట. దేవుళ్ళనేం చేయాలయ్యా అంటే, వాళ్ళతో అగ్రిమెంట్ లేదు కాబట్టి నోటీసు ఇవ్వక్కర్లేదు, అడ్వాన్సు కూడా తిరిగివ్వక్కర్లేదు అన్నాడు. మా ఆవిడ ఇంకా ఏమీ అనలేదు. అవతలి అబ్బాయి మాత్రం గోడ మీద తట్టి, ఆ రూమ్ తన ఫ్రెండ్‌కి ఉంచమన్నాడు.

ఇట్లు,
మీకు ఇవతలి వైపు ఉండే ఓనర్