సత్ప్రవర్తనకు పూలదండలా?

ఆస్ట్రేలియా క్రైస్తవ మిషనరీ గ్రాహం స్టెయిన్స్ హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడ్డ మహేంద్ర హెంబ్రమ్ 2025 ఏప్రిల్ 16న ఒడిశాలోని కియోంఝర్ జైలు నుంచి విడుదలయ్యాడు. కారణం సత్ప్రవర్తనట. పాతికేళ్లు లోపల ఉన్నాడు, చట్టంలో ఆ వెసులుబాటు ఉంది, కాదనలేం. కానీ మెడలో పడ్డ దండలు, జైశ్రీరామ్ నినాదాలు ఏ జైలు మాన్యువల్లో ఉన్నాయి? ఇది మంచి రోజని విశ్వహిందూ పరిషత్ నాయకుడొకరు సంబరపడ్డారు. విడుదలైన మనిషేమో తనను అన్యాయంగా ఇరికించారంటున్నాడు. పశ్చాత్తాపమే లేనిచోట సత్ప్రవర్తనను దేంతో కొలిచారో అధికారులే చెప్పాలి.

1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్ చర్చి ముందు ఆపిన స్టేషన్ వ్యాగన్‌లో స్టెయిన్స్, ఇద్దరు కొడుకులూ నిద్రపోతున్నారు. ఫిలిప్‌కు 10 ఏళ్లు, తిమోతికి 6. మూక బండిని చుట్టుముట్టి, కింద గడ్డి వేసి నిప్పంటించింది. కాపాడబోయినవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. స్టెయిన్స్ బారిపదలో మూడు దశాబ్దాలకు పైగా కుష్ఠు రోగులకు సేవ చేసిన మనిషి. మతమార్పిళ్లు చేశాడనే అనుకుందాం, ఆరేళ్ల పిల్లాడు ఎవరి మతం మార్చాడు?

భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానన్నారు. ఆ మాట ఇప్పుడు చాలామందికి హఠాత్తుగా గుర్తొస్తోంది. క్షమించడం ఆవిడ ఇష్టం. దాన్ని వాడుకునే హక్కు ప్రభుత్వానికి లేదు, దండలు పట్టుకొచ్చినవాళ్లకు అసలే లేదు.

మా భయమంతా ఆ దండల గురించే. 2002 గుజరాత్ అల్లర్లలో జరిగిన బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసులో 11 మంది దోషులను 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం వదిలిపెడితే, అప్పుడూ దండలే, మిఠాయిలే. ఆ విడుదల చెల్లదని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ జైలుకు పంపింది. అయినా బుద్ధి రాలేదు. శిక్ష తగ్గింపు సన్మానసభగా మారడం ఆనవాయితీ అయిపోతోంది. రేపు చర్చి మీదికో మసీదు మీదికో రాయి విసరబోయే కుర్రాడికి ఇంతకంటే భరోసా ఏం కావాలి?

అసలు శిక్షలు పడేదే అంతంతమాత్రం. ఒడిశాలోనే క్రైస్తవుల మీద జరిగిన 2008 కంధమాల్ అల్లర్లలో నమోదైన కేసులు 827. విచారణ ముగిసిన 362 కేసుల్లో శిక్ష పడింది 78 కేసుల్లోనే. 2016లో సుప్రీంకోర్టే ఎత్తిచూపిన లెక్క ఇది. సాక్షులను బెదిరిస్తే కేసు నీరుగారుతుంది. అదీ దాటి శిక్ష పడితే ఇదిగో, దండలు.

ఇక వరుసలో ఉన్నది స్టెయిన్స్ హత్య కేసులో ప్రధాన దోషి దారాసింగ్. స్టెయిన్స్ హత్య తర్వాత అదే ఏడాది ముస్లిం వ్యాపారిని, క్రైస్తవ ఫాదరీని చంపిన కేసుల్లోనూ అతనికి యావజ్జీవమే పడింది. విడుదల కోరుతూ అతను పెట్టిన అర్జీపై ఆరు వారాల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఒడిశా ప్రభుత్వానికి చెప్పింది. తేల్చాల్సిన ప్రభుత్వానికి అధిపతి మోహన్ చరణ్ మాఝీ. ఎమ్మెల్యేగా ఉండగా 2022లో ఇదే దారాసింగ్ విడుదల కోరుతూ కియోంఝర్ జైలు ముందు ధర్నాలో కూర్చున్నది ఈయనే! నిన్న ధర్నా చేసినవారే నేడు తీర్పరి అయితే శిక్షల సమీక్షా మండలి ఎందుకు, నియమాలు ఎందుకు? ముఖ్యమంత్రి ఆ ఫైలు ముట్టుకోకూడదు. ముట్టుకోనని ఇవాళే, నోరు విప్పి చెప్పాలి.