నడిమి ఊరికి వేళ చెప్పిన బస్సు

దూరప్రాంతపు బస్సుల పాత టైమ్‌టేబుల్ ఒకటి చేతికి దొరికితే చూపు ముందు పై వరుస మీదికీ, ఆ తర్వాత కింది వరుస మీదికీ పోతుంది. ఒకటి బయలుదేరే ఊరు, మరొకటి చేరే ఊరు. ఆ రెంటి మధ్య చిన్న అక్షరాలతో ముప్పై నలభై పేర్లుంటాయి. వాటిలో కొన్నింటికి అంకెలు ఉండాల్సిన చోట నిలువు గీత ఉంటుంది, అంటే బస్సు ఆ ఊరి మీదుగా పోతుంది కానీ ఆగదు. మరికొన్నింటి పక్కన చిన్న గుర్తు ఉంటుంది, అంటే ఎవరైనా చెయ్యెత్తితేనే ఆగుతుంది. దూరప్రాంత బస్సుల చరిత్రను ఈ మధ్య వరుసల నుంచి చదవాలని నా అభిప్రాయం. రెండు కొసల ఊళ్లకు రైలో విమానమో ఏదో ఒకటి ఉంటుంది. మధ్య ఊళ్లలో చాలావాటికి బస్సు తప్ప వేరే దిక్కు లేదు.

వేళ ప్రకారం నడవడం బస్సుకు తపాలా నుంచి వచ్చిన అలవాటు. బ్రిటన్‌లో 1784లో మొదలైన తపాలా గుర్రపు బండ్ల మీద కాపలాదారు తాళం వేసిన గడియారం వెంట పెట్టుకుని, ఏ మజిలీకి ఎన్ని గంటలకు చేరిందీ కాగితం మీద నమోదు చేయించేవాడు. ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది అతడే. స్విట్జర్లాండ్‌లో 1906 జూన్ 1న బెర్న్ నుంచి డెట్లిగెన్‌కు బయలుదేరిన మోటారు బస్సు కూడా తపాలా శాఖదే. ఉత్తరాల సంచి ఎక్కడికి వెళ్లినా ప్రయాణికుడూ అక్కడికి వెళ్లగలిగాడు, కొండ మీది ఊరికి సైతం గడియారం చూసుకుని ఎదురుచూడదగ్గ బండి వచ్చింది. అమెరికాలో కథ వేరుగా మొదలైంది. 1914లో మిన్నెసోటా రాష్ట్రంలోని హిబ్బింగ్‌లో కార్ల్ విక్‌మన్ అనే స్వీడన్ వలసదారు ఇనుప గనుల కార్మికులను ఒక పెద్ద కారులో ఎక్కించుకుని, మనిషికి 15 సెంట్లు తీసుకుని పక్క ఊరికి చేర్చేవాడు. తర్వాతి రోజుల్లో గ్రేహౌండ్‌గా ఎదిగిన సంస్థకు పునాది అదే. అక్కడ ముందు జనం వచ్చారు, వేళ తర్వాత వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని లారీలు చౌకగా దొరకడంతోనూ, బండి నడపడం నేర్చుకున్న సైనికులు ఇళ్లకు తిరిగి రావడంతోనూ బస్సులు పుట్టగొడుగుల్లా పెరిగాయి. లాభమున్న రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి పోటీపడి పరుగెత్తేవి, జనం పలచబడే గంటల్లో ఒక్కటీ కనిపించేది కాదు. ఈ అస్తవ్యస్తానికి జవాబుగా బ్రిటన్‌లో 1930 రోడ్ ట్రాఫిక్ చట్టం, అమెరికాలో 1935 మోటార్ క్యారియర్ చట్టం, భారతదేశంలో 1939 మోటారు వాహనాల చట్టం వచ్చాయి. రైల్వేలకు పోటీ తగ్గించాలన్న కోరిక కూడా వాటి వెనక ఉంది, ఆ సంగతి దాచనక్కర్లేదు. కొన్నిచోట్ల రైల్వేలే బస్సుల్లోకి దిగాయి. హైదరాబాద్ సంస్థానంలో 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది నిజాం రాష్ట్ర రైల్వేయే. ఏమైనా, ఈ చట్టాలతో మార్గమూ వేళా అధికారుల చేతికి వచ్చాయి. టైమ్‌టేబుల్ పర్మిట్‌లో ఒక షరతు అయింది. రద్దీగా ఉండే ఉదయపు ట్రిప్పు కావాలనుకున్న యజమాని ఖాళీగా తిరిగే మధ్యాహ్నపు ట్రిప్పునూ నడపాల్సి వచ్చింది.

ఆ క్రమశిక్షణ ఏం సాధించగలదో ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్ బస్ స్టేషన్ చూపించింది. 1934లో కొన్ని కంపెనీలు అసోసియేటెడ్ మోటార్‌వేస్ పేరుతో తమ సర్వీసులను ఒకచోట కలిపాయి. నలుదిక్కుల నుంచీ బస్సులు మధ్యాహ్నానికి అక్కడికి చేరేవి. ప్రయాణికులు పెట్టెలతో సహా ఒక బస్సు దిగి మరో బస్సు ఎక్కేవారు. సరిగ్గా 2 గంటలకు బస్సులన్నీ వరుసగా కదిలేవి. నేరుగా సర్వీసు పడేంత జనం లేని చిన్న ఊరి నుంచి దేశం రెండో కొసనున్న మరో చిన్న ఊరికి ఒకే ఒక్క మార్పుతో చేరుకునే వీలు కలిగింది. ఇందుకు కొత్త రోడ్డు వెయ్యలేదు, కొత్త యంత్రం కనిపెట్టలేదు. వేళలు ఒకదానితో ఒకటి పొసిగేలా కూర్చారు, అంతే. నాకు తెలిసినంతలో రవాణా చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన పనులు అరుదు.

టైమ్‌టేబుల్ కూర్చడం అంకెలతో చేసే న్యాయనిర్ణయం లాంటిది. పది గంటల ప్రయాణంలో రెండు కొసల వారికీ అనువుగా ఉండాలంటే బస్సు రాత్రి 8కి బయలుదేరి ఉదయం 6కు చేరాలి. అప్పుడు నడిమి ఊరికి అది తెల్లవారుజామున 1 గంటకు వస్తుంది. ఆ ఊరివాళ్లకు పగటి వేళ కావాలంటే పగటి సర్వీసు విడిగా ఉండాల్సిందే. డ్రైవర్ విశ్రాంతి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. కాబట్టి బస్సు ఎక్కడ ఎక్కువసేపు ఆగాలో చాలాసార్లు ఆ ఊరి గొప్పతనాన్ని బట్టి కాక, డ్రైవర్ అలసటను బట్టి తేలుతుంది.

1980 తర్వాత గాలి మారింది. ఆ ఏడాది బ్రిటన్, 1982లో అమెరికా దూరప్రాంత బస్సుల మీద నియంత్రణ సడలించాయి. పెద్ద నగరాల మధ్య ఛార్జీలు తగ్గాయి, బస్సులు పెరిగాయి. ఆ మేలును తక్కువ చేసి చెప్పడం సరికాదు. అయితే అమెరికా చట్టం కొత్తగా రూటులోకి రావడాన్నే కాక, ఉన్న రూటును వదులుకోవడాన్ని కూడా సులువు చేసింది. చిన్న పట్టణాల పేర్లు పట్టికలోంచి వరసగా రాలిపోయాయి. 1991లో గ్రామీణ రవాణా నిధుల్లో 15 శాతాన్ని ఊళ్ల మధ్య బస్సులకు కేటాయించాలని అక్కడి ప్రభుత్వమే నియమం పెట్టాల్సి వచ్చింది. 2013లో దూరప్రాంత బస్సులకు తలుపులు తెరిచిన జర్మనీ మరో దారి పట్టింది. రెండు స్టాపుల మధ్య దూరం 50 కిలోమీటర్లకు మించకపోయినా, ఆ ప్రయాణం ప్రాంతీయ రైల్లో గంటలోపే అయిపోయినా ఆ స్టాపుల మధ్య దూరప్రాంత బస్సు ప్రయాణికులను ఎక్కించుకోకూడదంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రాంతీయ రైళ్లను కాపాడుకోవడానికి పెట్టిన నియమమది.

బస్సు పోతే ఏం పోతుందో కెనడా చూసింది. సస్కాచెవాన్ రాష్ట్రం 1946 నుంచి నడిపిన ప్రభుత్వ బస్సు సంస్థను 2017 మే 31న మూసేసింది. ఆ బస్సులోనే వైద్యానికి నగరానికి వెళ్లే రోగులూ, ఊళ్లకు చేరాల్సిన పార్సిళ్లూ వెళ్లేవి. మరుసటి ఏడాది అక్టోబర్ 31తో గ్రేహౌండ్ పశ్చిమ కెనడా నుంచి దాదాపు పూర్తిగా తప్పుకుంది. బ్రిటిష్ కొలంబియాలోని 16వ నంబరు హైవే మీద ఎందరో మహిళలు, ముఖ్యంగా ఆదివాసీ స్త్రీలు అదృశ్యమయ్యారు, హత్యకు గురయ్యారు. దారిన పోయే వాహనాన్ని ఆపి ఎక్కక తప్పని పరిస్థితే అక్కడి ప్రమాదాన్ని పెంచిందనీ, బస్సు కావాలనీ అక్కడివారు ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. అలాంటి రోడ్డు మీద నిర్ణీత వేళకు వచ్చే బస్సును సౌకర్యం అనడానికి నాకు మనసొప్పదు. అది రక్షణ.

ఇప్పుడు టైమ్‌టేబుల్ కాగితాన్ని వదిలి ఫోన్లోకి వచ్చింది. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టిన జీటీఎఫ్‌ఎస్ అనే, వేళలను కంప్యూటర్ చదివేలా రాసిపెట్టే ఫైలు పద్ధతి ఈనాడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఈ ఉదయం ఏ బస్సుందో క్షణంలో తెలుసుకోవచ్చు. కానీ ఆ ఫైలుకు గడువు ఉంటుంది. గడువు తీరగానే కొత్తది వచ్చి పాతదాని చోట కూర్చుంటుంది. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు కంపెనీలన్నిటి వేళలనూ ఒకచోట కూర్చి లావుపాటి గైడుగా అచ్చేసేవారు. ఆ పాత సంచిక తెరిస్తే ఏ మారుమూల ఊరికి రోజుకు ఎన్ని బస్సులు వచ్చేవో ఇవాళ్టికీ లెక్కపెట్టవచ్చు. నిరుడు ఎత్తేసిన ట్రిప్పు మాత్రం, ఎవరో పనిగట్టుకుని భద్రపరిస్తే తప్ప, ఎక్కడా కనిపించదు. ఫలానా వేళకు మా ఊరికి బస్సు వచ్చేదని చెప్పుకోవడానికి ఆ ఊరి దగ్గర కాగితం ముక్క కూడా మిగలదు.

అందువల్ల పర్మిట్లు ఇచ్చే అధికారులు తమకు దాఖలైన ప్రతి టైమ్‌టేబుల్‌నూ తేదీతో సహా శాశ్వతంగా, అందరికీ అందుబాటులో ఉంచాలి. సర్వీసు ఎత్తేస్తామని దరఖాస్తు వచ్చినప్పుడు కొసల మధ్య నష్టం లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. మధ్యలోని ప్రతి స్టాపు పేరూ రాసి, అక్కడి మనిషికి ఆ రోజు మరో బస్సు ఉందా, ఉంటే ఎన్ని గంటల తర్వాత అన్నది దాని ఎదుట నింపమని అడగాలి.