జాప్యానికి అలసత్వమొక్కటే కారణం కాదు

నల్లగొండ, పాలమూరు సాగునీటి ప్రాజెక్టుల ఆలస్యానికి అధికారుల అలసత్వమే కారణమని ఒక వ్యాసంలో తేల్చేశారు. అది సగమే నిజం. ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగాన్నే చూడండి. పొడవు 43.93 కిలోమీటర్లు, పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మామూలుగా ఇంత పొడవుంటే మధ్యలో పక్కదారులు తవ్వి, నాలుగైదు చోట్ల ఒకేసారి పని మొదలుపెడతారు. అడవి నిబంధనల వల్ల ఇక్కడ ఆ వీల్లేకపోయింది, రెండు కొసల నుంచి సొరంగం తవ్వే యంత్రాలే గతి అయ్యాయి. ఒక యంత్రం ఆగితే ఆ వైపు పనంతా ఆగినట్టే. ఊట నీరు, మట్టి, మనుషులు అన్నీ ఒకే నోటి నుంచి బయటికి రావాలె.

ఇక భూసేకరణ. 2013 భూసేకరణ చట్టంలో సెక్షన్ 11 నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామన్న తొలి ప్రకటన) వచ్చాక అభ్యంతరాలకు 60 రోజులు. నోటిఫికేషన్ నుంచి 12 నెలల్లో సెక్షన్ 19 డిక్లరేషన్ (భూమి తీసుకుంటున్నామన్న ఖరారు ప్రకటన), అక్కడి నుంచి మరో 12 నెలల్లో అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు). గడువు దాటి, ప్రభుత్వం పొడిగించకపోతే మళ్లీ మొదటికే. అసలు మెలిక ఏంటంటే, నీటిపారుదల శాఖ కొంతైనా డబ్బు జమచేయనిదే డిక్లరేషన్ ఇవ్వకూడదు. ఫైలు ఆర్థిక శాఖలో కూర్చున్నంత మాత్రాన గడువు ఆగదు కదా! అందుకే ప్యాకేజీ (ప్రాజెక్టు పనుల్లో ఒక భాగం) మొత్తానికీ ఒకేసారి నోటిఫికేషన్ ఇచ్చేకన్నా, నిధులు చేతిలో ఉన్న ఊళ్లకే ముందు ఇవ్వడం నయం.